అరిగిపోయిన వ్యాను ఇంజన్ తీసి రీమాన్యుఫ్యాక్చర్డ్ ఇంజన్ ఎక్కించడం ఎలా?

"వ్యాను నీలం పొగ కక్కుతోంది, బరువు వేస్తే ఎత్తు ఎక్కడం లేదు, ఆయిల్ తాగేస్తోంది. రీమాన్యుఫ్యాక్చర్డ్ ఇంజన్ తెప్పించి నేనే వేసుకోవచ్చా?" మాటలు మారినా ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నాను. రీమాన్యుఫ్యాక్చర్డ్ అంటే పాత ఇంజన్ను పూర్తిగా విప్పి, అరిగినవాటి చోట కొత్తవి వేసి మళ్లీ కట్టినది. వివరం రెండో మెట్టులో ఉంది.

వేసుకోవచ్చు. పానా పట్టడం బాగా అలవాటుండి, తోడుగా ఒక మనిషి, చదునైన గచ్చు, నాలుగైదు రోజుల తీరిక దొరికితే ఇది అసాధ్యమైన పని కాదు. కాకపోతే ఇంజన్ దించడం, ఎక్కించడం ఇందులో సులువైన సగం. పాతది ఎందుకు పోయిందో కనుక్కోవడం కష్టమైన సగం. చాలామంది ఈ రెండో సగాన్నే వదిలేస్తారు.

చాలా ఏళ్ల కిందట నేనూ వదిలేశాను. ఒక డీజిల్ వ్యానుకు కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కడ్డీ) బేరింగ్ పోతే వేరే ఇంజన్ ఎక్కించాను. పాత ఇంజన్ మీది ఆయిల్ కూలర్‌ను పైపైన కడిగి కొత్తదానికి బిగించాను. బండి మూడువందల కిలోమీటర్లు తిరిగిందో లేదో, ఐడ్లింగ్‌లో ఆయిల్ లైటు మినుకుమనడం మొదలైంది. ఆయిల్ చాంబర్ విప్పి చూస్తే కొత్త బేరింగుల నిండా గీతలు, గీతల అడుగున రాగి రంగు. ఉక్రోషం పట్టలేక ఆ కూలర్‌ను రంపంతో రెండుగా కోశాను. లోపలి సన్నటి గదుల్లో పాత బేరింగు పొడి తడి ఇసుకలా కూరుకుపోయి ఉంది. వేడి ఆయిల్ తగిలినప్పుడల్లా అది కొద్దికొద్దిగా వదిలి కొత్త ఇంజన్లోకి వెళ్లిందన్నమాట. ఆ ఇంజన్ చేసిన తప్పేమీ లేదు.

మీ బండిలో కూడా పాత ఇంజన్‌ను చంపినదేదో ఇంకా అక్కడే ఉండవచ్చని అనుకుని పని మొదలుపెట్టండి.

కావలసినవి

పనిముట్లు: కనీసం ఒక టన్ను ఎత్తే ఇంజన్ క్రేన్ లేదా గట్టి దూలానికి కట్టిన చైన్ బ్లాక్, గేర్ బాక్సు జాకీ, బండి కింద పెట్టే స్టాండ్లు నాలుగు, టార్క్ రెంచ్, బోల్టును ఎన్ని డిగ్రీలు తిప్పామో చూపే గేజీ, కంప్రెషన్ గేజీ, ముల్లు ఉన్న ఆయిల్ ప్రెషర్ గేజీ, క్లచ్ ప్లేటును మధ్యకు నిలిపే కడ్డీ, వెడల్పాటి పళ్లాలు, జిప్ సంచులు, మాస్కింగ్ టేపు, చెరిగిపోని మార్కర్. ఫోను కెమెరా ఎలాగూ ఉంటుంది.

సామాన్లు: గాస్కెట్ల సెట్టు, ఇంజన్‌తో పాటు వచ్చిన కాగితంలో చెప్పిన గ్రేడు ఆయిల్ రెండు మార్పిడులకు సరిపడా, ఆయిల్ ఫిల్టర్లు రెండు, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయెల్ ఫిల్టర్, కూలెంట్, థర్మోస్టాట్, వాటర్ పంపు, ఇంజన్‌తో రాకపోతే టైమింగ్ బెల్టు సెట్టు, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీల్ బోల్టులు, కొత్త ఆయిల్ కూలర్, టర్బోకు (ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో తోసేదానికి) ఆయిల్ తెచ్చే గొట్టం, రబ్బరు హోసులు, ఇంజన్ మౌంటింగులు.

ఈ జాబితాలో ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే దేనిమీదైనా తగ్గించుకోండి కానీ ఆయిల్ కూలర్, టర్బో గొట్టం, ఫ్లైవీల్ బోల్టుల మీద వద్దు. కూలర్ సంగతి పైన చెప్పాను. గొట్టంలో గడ్డకట్టిన మసి టర్బోకు ఆయిల్ అందకుండా చేస్తుంది. ఫ్లైవీల్ బోల్టులు చాలా ఇంజన్లలో ఒకసారి బిగిస్తే సాగే రకం, రెండోసారి వాటిని నమ్మలేం.

1. పోయింది ఇంజనేనా అని తేల్చుకోండి

నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు పోయాయని అందరూ అనేస్తారు. టర్బో సీలు పోయినా అదే పొగ వస్తుంది. ఇంధనం చిమ్మే నాజిల్ కారుతున్నా ఇంజన్ రాడ్ బేరింగు పోయినట్టే టకటకమంటుంది. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీథర్ గొట్టం మూసుకుపోయినా ఆయిల్ తాగుతుంది. ఇవన్నీ ఇంజన్ మార్చకుండానే బాగయ్యేవి.

ముందుగా బ్రీథర్ శుభ్రం చేసి, ఇంజన్ వేడిగా ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేయండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ దట్టంగా తన్నుకొస్తుంటే సిలిండర్లలోని గాలి రింగులు దాటి కిందికి దిగుతున్నట్టు.

తరువాత కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నలుగుతుందో గేజీతో చూడడం. ఇంజన్ వేడిగా, బ్యాటరీ నిండుగా ఉండాలి. ఇంధనం రాకుండా ఆపాలి. పెట్రోల్ ఇంజన్ అయితే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. మామూలుగా పెట్రోల్ ఇంజన్లో 10 నుంచి 13 బార్, డీజిల్లో 25 నుంచి 30 బార్ చుట్టుపక్కల కనబడుతుంది. మీ ఇంజన్ పుస్తకంలో ఉన్న అంకెదే చివరి మాట. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడు సమానంగా ఉండి ఒకటి బాగా తక్కువుంటే ఆ సిలిండర్లో ఒక చిన్న చెంచా ఆయిల్ వేసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ గాస్కెట్ గానీ. డీజిల్లో చెంచాకు మించి వేయకండి. పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ, ఆయిల్ అణగదు కాబట్టి రాడ్డే వంగుతుంది.

చివరగా ఆయిల్ ప్రెషర్. డ్యాష్‌బోర్డు లైటును కాక, సెన్సర్ చోట గేజీ బిగించి వేడి ఇంజన్ మీద చూడండి. ఐడ్లింగ్‌లో ముల్లు అర బారు దగ్గర తూలుతుంటే బేరింగులు గానీ ఆయిల్ పంపు గానీ అరిగిపోయినట్టే. హెడ్డు (వాల్వులుండే ఇంజన్ పైభాగం) ఒక్కటే చెడితే ఇంత పని అక్కర్లేదు. రింగులు, బేరింగులు రెండూ పోయాయని తేలితేనే ముందుకు వెళ్లండి.

2. ఏది కొంటున్నారో తెలుసుకుని కొనండి

రీమాన్యుఫ్యాక్చర్డ్ అంటే ఇంజన్‌ను చివరి ముక్క దాకా విప్పి, కడిగి, ప్రతి భాగాన్నీ కొలిచి, క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్, సిలిండర్ బోరింగ్ లాంటివి చేసి, పిస్టన్లు, రింగులు, బేరింగులు, సీళ్లు కొత్తవి వేసి, తయారీదారు చెప్పిన కొలతలకు తెచ్చినది. 'రీకండిషన్డ్' అనే మాటకు అలాంటి కచ్చితమైన అర్థం లేదు. రింగులు మార్చి రంగు వేసినదాన్ని కూడా అలా అమ్మేవారున్నారు. ఏయే భాగాలు కొత్తవి, ఏవి పాతవి, కొలతల కాగితం ఇస్తారా అని అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే అక్కడ కొనకండి.

షార్ట్ ఇంజన్ అంటే బ్లాకు, క్రాంక్, పిస్టన్ల వరకే. లాంగ్ ఇంజన్ అంటే హెడ్డు, వాల్వులను తెరిచే క్యామ్ కూడా బిగించి వస్తుంది. మొదటిసారి ఈ పని చేసేవారు లాంగ్ ఇంజన్ తీసుకోవడమే మేలు. పాత హెడ్డును షార్ట్ ఇంజన్ మీద పెడితే ఆ హెడ్డులోని పగుళ్లు, వంకర కూడా మీ నెత్తినే పడతాయి.

ఆర్డరు పెట్టేముందు బ్లాకు మీద చెక్కిన ఇంజన్ కోడ్ చదవండి. బండి మోడలు, సంవత్సరం చెబితే సరిపోదు. ఒకే ఏడాది ఒకే వ్యానులో రెండు రకాల ఇంజన్లు రావడం మామూలే. వారంటీ షరతులు కూడా అప్పుడే చదవండి. కొత్త ఆయిల్ కూలర్ వేసిన రసీదు, రేడియేటర్ శుభ్రం చేయించిన రసీదు అడగడం చాలాచోట్ల ఉంది. బ్లాకు మీద, హెడ్డు మీద చిన్న నాణెంలాంటి బిళ్లలు అతికించి ఉంటే వాటిని పీకవద్దు. ఇంజన్ హద్దు మీరి వేడెక్కితే వాటి మధ్య భాగం కరిగిపోతుంది. అదే వారికి సాక్ష్యం.

3. వచ్చిన ఇంజన్‌ను బండి విప్పకముందే చూడండి

పాత ఇంజన్ గచ్చు మీద, మీ బండికి సరిపోని ఇంజన్ పెట్టెలో, బండి స్టాండ్ల మీద. ఇంతకంటే ఇరకాటం ఉండదు. అందుకే పెట్టె ముందు తెరవండి. ఇంజన్ కోడ్ సరిపోల్చండి. మౌంటింగు రంధ్రాలు, సెన్సర్ల చోట్లు, గేర్ బాక్సు వైపు రెండింటినీ సరిగ్గా కుదిర్చే డోవెల్ పిన్నులు, క్రాంక్ వెనుక చిన్న పైలట్ బేరింగు ఉన్నాయో లేవో చూడండి. క్రాంక్ బోల్టుకు పానా పెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఒకే బరువుగా తిరగాలి. ఎక్కడైనా టక్కున ఆగితే బలం పెట్టకండి, అమ్మినవారికి ఫోను చేయండి. రెండు చుట్ల తరువాత టైమింగ్ గుర్తులు కలుస్తున్నాయో చూడండి.

దారిలో దుమ్ము పోకుండా రంధ్రాలకు ప్లాస్టిక్ బిరడాలు పెడతారు. అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి పెట్టె మీద రాయండి. ఎక్కించిన తరువాత అన్నీ మీ చేతిలో ఉండాలి.

4. విప్పడం

మొదట ఫోటోలు. పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి, ప్రతి ప్లగ్గుకూ దగ్గరగా ఒకటి. తరువాత బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. ప్రతి వైరుకూ టేపు చుట్టి, అది వెళ్లే చోటికి కూడా అదే అంకె వేయండి. బోల్టులు ఏ భాగానివి ఆ సంచిలో వేసి, ఆ సంచిని వీలుంటే ఆ భాగానికే కట్టండి. "గుర్తుంటుందిలే" అనుకున్నవే మూడో రోజుకు మిగులు బోల్టులవుతాయి.

కూలెంట్, ఆయిల్ పళ్లాల్లోకి దించండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. కుక్కలు, పిల్లులు నాకుతాయి కాబట్టి పళ్లెం నేల మీద వదలకండి. ఏసీ గొట్టాలు విప్పవద్దు. కంప్రెసర్‌ను గొట్టాలతో సహా బోల్టులు తీసి పక్కకు కట్టేయండి. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో ఇంధనం అందే) డీజిల్ అయితే ఆ గొట్టంలో 1,600 బార్ దాటి ఒత్తిడి ఉండగలదు. ఇంజన్ ఆపిన వెంటనే ఆ నట్ల జోలికి పోకండి. ఆ సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. పుస్తకంలో చెప్పినంతసేపు ఆగి, గుడ్డ కప్పి వదులు చేయండి.

ఇంజన్ ఏ దారిన బయటికి వస్తుందనేది వ్యానును బట్టి ఉంటుంది. సీటు కింద ఇంజన్ ఉన్నవాటిలో సాధారణంగా కిందికి దించి బాడీని పైకి ఎత్తాలి. ముందు చక్రాలు తిరిగే, అడ్డంగా ఇంజన్ ఉన్న వ్యానుల్లో చాలావాటికి గేర్ బాక్సుతో, సబ్‌ఫ్రేముతో కలిపి కిందికి దింపడం సులువు. నిలువుగా ఉన్నవాటికి రేడియేటరు, ముందు అడ్డ పట్టీ తీసేస్తే ముందుకు వస్తుంది.

గేర్ బాక్సు బండిలోనే ఉంచుతుంటే దాని కింద జాకీ పెట్టాకే బెల్ హౌసింగ్ (ఇంజన్‌కు బిగిసే గేర్ బాక్సు ముందుభాగం) బోల్టులు తీయండి. ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ స్థానంలో ఉండేది) బోల్టులు ముందే విప్పి, కన్వర్టర్ గేర్ బాక్సులోనే ఉండిపోయేలా వెనక్కి నెట్టి పట్టీ కట్టండి.

నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ 200 కిలోల అటూఇటూ ఉంటుంది. క్రేన్ చేయి బయటికి లాగేకొద్దీ అది మోయగల బరువు తగ్గిపోతుంది. చేతి మీద రాసిన అంకె చూసుకోండి. వేలాడే ఇంజన్ కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టవద్దు. రెండంగుళాలు లేచాక ఆపి చుట్టూ తిరిగి చూడండి. ఎక్కడో ఒక ఎర్త్ పట్టీయో, హీటరు గొట్టమో ఇంకా పట్టుకునే ఉంటుంది. ప్రతిసారీ ఉంటుంది.

5. పాత ఇంజన్‌కు పోస్టుమార్టం

ఈ ఒక్క మెట్టుకు పూర్తి రోజు కేటాయించండి.

ఆయిల్ ఫిల్టరు కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. అయస్కాంతానికి అంటుకునే పొడి అయితే ఇనుము, అంటే క్రాంక్, క్యామ్, రింగులు. అంటుకోని రాగి, బూడిద రంగు రేకులైతే బేరింగులు. లోహం కనిపించిందంటే ఆయిల్ కూలర్‌ను కడగడం గురించి ఆలోచించకండి, మార్చేయండి. టర్బో కూడా అదే ఆయిల్ తాగింది. దాని ఇరుసును చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కీ కదిపి చూడండి. కదలిక స్పష్టంగా తెలిసినా, రెక్కలు గోడను రాసుకున్న గుర్తులున్నా అది పనికిరాదు.

ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) తీసి, ఒక మూతి కిందికి పెట్టి, కింద తెల్లటి పళ్లెం ఉంచండి. పైనుంచి క్లీనర్ పోసి ఊపండి. మొదట నల్లటి ఆయిల్ వస్తుంది. అది పెద్ద విషయం కాదు. పళ్లెం వాల్చి అడుగున చూడండి. మెరుపు ముక్కలుంటే పాత టర్బో రెక్కలు అందులో ఉన్నట్టే, ఎన్నిసార్లు కడిగినా ఒక ముక్క మిగులుతుంది కాబట్టి మార్చేయండి. ముక్కలు లేకపోతే తెల్లటి గుడ్డకు మరక అంటనంత వరకు కడిగి, రాత్రంతా ఆరబెట్టండి. తడి క్లీనర్ గానీ ఆయిల్ గానీ మిగిలిన ఇంటర్‌కూలర్‌ను డీజిల్ ఇంజన్‌కు బిగిస్తే అది దాన్నే ఇంధనంగా తాగి, తాళం చెవి తిప్పినా ఆగకుండా పరుగెత్తుతుంది.

పిస్టన్ పైభాగం చూడగలిగితే చూడండి. ఒకచోట కరిగి గుంట పడితే ఆ సిలిండర్ నాజిల్ దోషి. నాజిళ్లన్నీ పరీక్షకు పంపాలి. సిలిండర్ గోడల్లో నిలువు గీతలుంటే వేడెక్కి పట్టేసినట్టు. అంటే రేడియేటరు, ఫ్యాను, థర్మోస్టాట్, రేడియేటర్ మూత చూడాలి. రేడియేటరు మధ్యలో చల్లటి మచ్చలున్నాయని ఇదివరకే గమనించి ఉంటే కడిగించవద్దు, మార్చండి. ఆయిల్ తాగిన ఇంజన్ అయితే ఆ మసి సైలెన్సర్ ముందుండే ఫిల్టరులో, క్యాటలిటిక్ కన్వర్టరులో చేరి ఉంటుంది. అది మూసుకుపోతే కొత్త ఇంజన్ ఊపిరాడక వేడెక్కుతుంది.

కారణం దొరకలేదా? దొరికేదాకా కొత్త ఇంజన్ పెట్టెలోనే ఉండనివ్వండి.

6. పాత భాగాలు కొత్త ఇంజన్‌కు మార్చడం

మ్యానిఫోల్డులు, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్, బ్రాకెట్లు ఇప్పుడే, ఇంజన్ బయట ఉండగానే ఎక్కించండి. పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటి దాటించుకుంటూ పోతే ఏదీ మరచిపోరు.

గాస్కెట్ ఉన్నచోట సిలికాన్ పూయకండి. సిలికాన్ చెప్పినచోట సన్నటి గీత చాలు. లోపలికి పొంగిన సిలికాన్ తెగి ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది. అవతలికి తెరుచుకోని గుడ్డి రంధ్రాల్లో ఆయిల్ ఉంటే గాలితో ఊది ఆరబెట్టాకే బోల్టు పెట్టండి. రంధ్రం అడుగున చిక్కిన ఆయిల్‌కు పోయే దారి లేక బ్లాకే పగులుతుంది.

ఇన్‌టేక్ రంధ్రాల్లో ఏదైనా పడుతుందని గుడ్డ కుక్కే అలవాటు మీకుంటే మానుకోండి. పైనుంచి టేపు అతికించండి. ఎర్ర టేపు అయితే ఇంకా మంచిది. గుడ్డ లోపలే ఉండిపోయిన ఇంజన్‌ను ఒకసారి విప్పాను. అది మొదటి సెల్ఫ్‌కే లోపలికి వెళ్లిపోయింది.

7. క్లచ్, గేర్ బాక్సు కలపడం

ఇంజన్‌కు, గేర్ బాక్సుకు మధ్య పలుచటి రేకు ఉండే బండ్లున్నాయి. పాత ఇంజన్‌కు అతుక్కుని ఉంటుంది. దాన్ని మరచిపోయి అంతా బిగించాక గోడకు ఆనించి ఉన్న రేకును చూసి నెత్తి కొట్టుకోని మెకానిక్ అరుదు. రేకు పెట్టారా? ఇప్పుడు ఫ్లైవీల్, కొత్త బోల్టులు, చెప్పిన టార్కు. క్లచ్ ప్లేటు ఏ ముఖం ఎటు అనేది ప్లేటు మీదే రాసి ఉంటుంది. తిరగేసి బిగిస్తే క్లచ్ విడవదు. కడ్డీతో మధ్యకు నిలిపి ప్రెషర్ ప్లేటును అడ్డంగా ఎదురెదురు బోల్టులు కొద్దికొద్దిగా బిగించండి.

గేర్ బాక్సు, ఇంజన్ చేతులతోనే పూర్తిగా అంటుకోవాలి. వేలెడు సందు మిగిలితే బోల్టులతో లాగి కలపడం పెద్ద తప్పు. బెల్ హౌసింగ్ చెవి విరుగుతుంది, ఆటోమేటిక్‌లో పంపు నలుగుతుంది. గేరులో పెట్టి క్రాంక్‌ను కొద్దిగా తిప్పితే పళ్లు కలుస్తాయి. వైరింగు మధ్యలో ఇరుక్కుందేమో టార్చి వేసి చూడండి. ఆటోమేటిక్‌లో కలపకముందే కన్వర్టర్ తిప్పుతూ నెట్టి పూర్తిగా కూర్చోబెట్టండి. కలిపాక అది చేతికి కొద్దిగా ముందుకూ వెనక్కీ కదలాలి. కదలకపోతే విప్పి మళ్లీ కూర్చోబెట్టాల్సిందే.

8. ఎక్కించి కలపడం

మౌంటింగు బోల్టులు మొదట చేతి బిగువే. ఇంజన్ తన బరువుతో సర్దుకున్నాక పూర్తిగా బిగించండి, లేదంటే స్టీరింగు దాకా అదురుతుంది. గొట్టాలు, వైర్లు ఫోటోలు చూస్తూ కలపండి.

ఎర్త్ పట్టీ గురించి విడిగా చెప్పాలి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ అది. దాన్ని మరచిపోతే సెల్ఫ్ తీసుకునే కరెంటు యాక్సిలరేటర్ కేబులు గుండా, గేరు కేబులు గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, కేబులు పొగలు కక్కుతుంది, సెన్సర్లు పిచ్చి అంకెలు చూపుతాయి. రంగు గీకి, లోహం తేలాక బిగించండి.

ప్లాస్టిక్ బిరడాల లెక్క ఇప్పుడే చూడండి.

9. సెల్ఫ్ కొట్టేముందు ఆయిల్ ప్రెషర్ తెప్పించడం

పొడిగా ఉన్న బేరింగుల మీద ఇంజన్ ఒక్క నిమిషం నడిచినా దెబ్బ పడుతుంది. ఆయిల్ పోయండి. ఫిల్టరు నిలువుగా బిగించేదైతే దానిలోనూ ముప్పాతిక దాకా పోయండి. టర్బోకు ఆయిల్ వచ్చే రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి చక్రాన్ని వేలితో తిప్పండి. ఆయిల్ సెన్సర్ చోట గేజీ బిగించండి.

ఇప్పుడు ఇంజన్ అంటుకోకుండా చేయండి. పెట్రోల్ అయితే స్పార్క్ ప్లగ్గులు, ఫ్యూయెల్ పంపు ఫ్యూజు తీయండి. కామన్ రైల్ డీజిల్ అయితే ఇంజెక్టర్ల ప్లగ్గులు ఊడదీయండి. పాత తరహా పంపు అయితే ఇంజన్ ఆపే సాలనాయిడ్ వైరు తీయండి. డీజిల్లో గ్లో ప్లగ్గులు కూడా తీస్తే ఇంజన్ తేలికగా తిరుగుతుంది, బేరింగుల మీద భారం పడదు.

పది సెకన్లు సెల్ఫ్, ఒక నిమిషం విరామం. మళ్లీ పది సెకన్లు. మొదటి రెండుసార్లు ముల్లు కదలకపోతే కంగారు పడకండి. మూడోసారో నాలుగోసారో ముల్లు మొదట వణుకుతుంది, తరువాత ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. అక్కడి నుంచి ఇంకో రెండు విడతలు తిప్పండి, హెడ్డు దాకా ఆయిల్ చేరాలి. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే క్యామ్ తడిసి మెరుస్తుండాలి. ఆరుసార్లు తిప్పినా ముల్లు లేవకపోతే ఆపేయండి. పంపు గాలి పట్టి ఉంటుంది. సెన్సర్ రంధ్రం నుంచి చేతిపంపుతో ఆయిల్ ఎక్కించడం దీనికి ప్రత్యామ్నాయం. నిజానికి చేతిపంపు ఉంటే మొదటే ఈ పద్ధతి వాడటం మేలు.

డీజిల్ గొట్టాల్లో గాలి చేతిపంపుతో తీయండి. కామన్ రైల్‌లో నాజిల్ నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టే పాత అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది.

10. మొదటి స్టార్టు

గేజీ ఇంకా ఉంచండి. ఒకరు సీట్లో, ఒకరు ఇంజన్ పక్కన. అంటుకున్న వెంటనే ప్రెషర్ కనిపించాలి. అయిదు సెకన్లలో రాకపోతే తాళం తిప్పి ఇంజన్ ఆపేయండి. టప్పెట్లు కాసేపు టకటకమన్నా నిమిషాల్లో సద్దుమణుగుతాయి. అమర్చేటప్పుడు పూసిన నూనె కాలి కొంత తెల్లపొగ రావడం మామూలే. చప్పుడు లోతుగా, అడుగునుంచి వస్తుంటే వెంటనే ఆపండి.

ఇంజన్‌తో వచ్చిన కాగితంలో క్యామ్ కోసం మొదటి 20 నిమిషాలు 1,500 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య నడపమని ఉంటే అలాగే చేయండి. అది ఫ్లాట్ టప్పెట్లు (రోలర్ లేకుండా క్యామ్ మీద నేరుగా జారేవి) ఉన్న పాత రకాలకు. రోలర్ ఉన్నవాటికి అక్కర్లేదు. ఏ రకమైనా చల్లగా ఉండగా రెచ్చగొట్టవద్దు.

హీటరు పూర్తి వేడికి పెట్టి, ఇంజన్ చల్లగా ఉండగానే కూలెంట్ మూత తీసి, బుడగలు పోయేదాకా నడపండి. హీటరు నుంచి వేడిగాలి రావాలి, రేడియేటరు కింది హోసు వెచ్చబడాలి, ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగాలి. ఈ మూడూ జరిగితేనే గాలి పోయినట్టు. ముల్లు వేడి వైపు ఎగబాకుతున్నా హీటరు చల్లగానే ఉంటే ఇంజన్ ఆపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి. వేడిగా ఉండగా మూత తీయకండి.

కొత్త నాజిళ్లు వేసి ఉంటే వాటి మీది కోడ్‌లు స్కానరుతో బండి కంప్యూటర్‌లో ఎక్కించాలి. లేకపోతే ఐడ్లింగ్ గుడగుడలాడుతుంది, మీరు ఇంజన్‌ను అనుమానిస్తారు.

11. మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త ఇంజన్ కదా అని మరీ మెల్లగా నడపడం కూడా తప్పే. రింగులు గోడకు ఒరుసుకుని కుదురుకోవాలంటే వాటి వెనుక ఒత్తిడి కావాలి. గంటలకొద్దీ ఐడ్లింగ్‌లో ఉంచితే గోడలు అద్దంలా నునుపెక్కి, ఆ తరువాత ఎప్పటికీ ఆయిల్ తాగుతుంది. సగం బరువుతో, వేగం మారుస్తూ, ఇంజన్ మూలగకుండా గేరు దించుకుంటూ నడపండి. నిండు బరువుతో ఎత్తు ఎక్కడం, గంటసేపు ఒకే వేగంతో పోవడం తరువాతి సంగతి.

రోజూ పొద్దున చల్లగా ఉండగా ఆయిల్, కూలెంట్ చూడండి. మొదట్లో కొద్దిగా ఆయిల్ తగ్గవచ్చు. తగ్గుతున్న వేగం వారం వారానికి తగ్గాలి. కూలెంట్ మాత్రం మొదటి రెండు మూడు రోజుల తరువాత అస్సలు తగ్గకూడదు.

500 కిలోమీటర్లకు, లేదా కాగితంలో చెప్పినప్పుడు, ఆయిల్, ఫిల్టరు మార్చండి. ఆ ఫిల్టరును కూడా కోసి చూడండి. వేలికి అంటుకునే సన్నటి మెరుపు మామూలే. గోటికి తగిలే రేకు మామూలు కాదు. బండి ఆపి అమ్మినవారికి చెప్పండి. అప్పుడే మౌంటింగు బోల్టులు, మ్యానిఫోల్డు నట్లు, హోసు క్లిప్పులు మరోసారి బిగువు చూడండి. హెడ్డు బోల్టులు మాత్రం కాగితంలో చెబితే తప్ప ముట్టుకోకండి. వెయ్యి దాటాక కంప్రెషన్, వేడి మీద ఆయిల్ ప్రెషర్ కొలిచి తేదీతో రాసి పెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చడానికి ఆ కాగితమే దిక్కు.

12. నంబరు, పాత ఇంజన్

బండి రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజన్ నంబరు ఉంటే కొత్త నంబరు రాయించుకోండి, బీమా వారికి కూడా చెప్పండి. కొన్న రసీదు, పాత, కొత్త నంబర్ల ఫోటోలు దగ్గరుంచుకోండి.

కొనేటప్పుడు డిపాజిట్ కట్టించుకుని ఉంటే, పాత ఇంజన్ తిరిగి ఇస్తేనే అది వెనక్కి వస్తుంది. ఆయిల్ పూర్తిగా దించి, వచ్చిన పెట్టెలోనే బిగించి పంపండి. విప్పిన ముక్కలుగా పంపితే, బ్లాకు పగిలి ఉంటే కోత పెడతారు. గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ గడువు చివరి వారం దాకా ఉంచండి. ఎందుకంటే వైరింగు పట్టుకునే ఒక చిన్న బ్రాకెట్టో, ఇంజన్ ఎత్తే కొక్కెమో ఇంకా దానికే ఉందని మీకు గుర్తొచ్చేది బండి రోడ్డెక్కిన నాలుగో రోజున.